గోదావరి ఎంత లేస్తుందో ముందే చెప్పే లెక్క

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులై 16న నది ఆ గీతలన్నీ దాటి 71.3 అడుగులకు లేచింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంత ఎత్తు అదే. వంతెన మీద రాకపోకలు ఆగిపోయాయి, ముంపు గ్రామాల జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలించారు.

ఇంత వరద చెప్పాపెట్టకుండా రాదు. ఉపనదులైన ప్రాణహిత, ఇంద్రావతి పొంగినా ఆ నీరు భద్రాచలం చేరడానికి గంటలు పడుతుంది. ఎగువన పేరూరు లాంటి చోట్ల కేంద్ర జలసంఘం నీటిమట్టాన్ని కొలుస్తూ ఉంటుంది. పాత వరదల్లో అక్కడెంత ఉంటే ఇక్కడెంత వచ్చింది, ఎంతసేపట్లో వచ్చింది, ఇప్పుడు వాన ఎలా పడుతోంది? వీటన్నిటినీ కలిపితేనే రేపటి మట్టం అంచనాకు అందుతుంది. 2023లో వచ్చిన ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్‌లో ఈ సమాచారం ఎవరైనా చూడొచ్చు.

ఖమ్మం మీదుగా పారే చిన్న నది మున్నేరు మాత్రం అంత వ్యవధి ఇవ్వదు.

2024 సెప్టెంబర్ 1న అది ఖమ్మంలో 36 అడుగులు దాటి ఒడ్డు కాలనీలను ముంచేసింది. అవే వానలకు కేసముద్రం-ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, కాజీపేట-విజయవాడ మార్గంలో రైళ్లు నిలిచిపోయాయి. ఇలాంటి చిన్న నదులకు నది మట్టం కొలిచే గేజీ ఒక్కటే చాలదు. ఎగువ మండలాల్లో పడుతున్న వానను అప్పటికప్పుడు లెక్కగట్టాలి.

యాప్ ఉన్నా, సెల్ సిగ్నల్ లేని అడవి అంచు పల్లెకు అది అందదు. అక్కడి కోయ కుటుంబాలకు హెచ్చరిక వారి భాషలోనే, దండోరాతోనో మైకుతోనో, నీళ్లు రాకముందే చేరేలా అధికారులు ఏర్పాటు చేయాలి.