నేల వినిపించే ఏనుగుల లెక్క

పూతలపట్టుకు నైరుతి దిశగా బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కితే పలమనేరు, కుప్పం వైపు పరుచుకునే అడవులు నేటి ఏనుగులకు తాతల నాటి ఆవాసమేమీ కావు. దాదాపు రెండు శతాబ్దాలపాటు ఈ ప్రాంతంలో అడవి ఏనుగు జాడే లేదని, 1980ల నడిమి కాలంలో తమిళనాడులోని హోసూరు, ధర్మపురి అడవుల నుంచీ కర్ణాటక సరిహద్దు నుంచీ కొన్ని గుంపులు వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయని వన్యప్రాణి శాస్త్రజ్ఞులు చెబుతారు. వాటి రాక తర్వాతే 1990 డిసెంబరులో సుమారు 357 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో కౌండిన్య అభయారణ్యం, 2003లో రాయల ఏనుగుల రిజర్వు ఏర్పడ్డాయి. పాలారులో కలిసే కౌండిన్య, కైగల్ వాగులు పారే ఈ పొడి అడవి ముళ్లపొదలతో, బండలతో నిండి ఉండటమే కాక, దాని అంచుల నిండా చెరకు తోటలు, మామిడి తోపులు ఉండటం వల్ల ఏనుగు ఈ రాత్రి అడవిలో ఉంటే రేపటి రాత్రి పొలంలో ఉంటుంది, వారం తిరిగేసరికి రాష్ట్రం సరిహద్దే దాటిపోతుంది. ఇంత చిన్నదై, ఇంతగా తిరిగే సమూహాన్ని లెక్కించడం పెద్ద సమూహాన్ని లెక్కించడం కంటే కష్టం. వెయ్యి ఏనుగుల్లో పది తప్పిపోయినా అంచనా పెద్దగా చెడదు గాని, కొన్ని పదుల్లో పది తప్పిపోతే అది అంచనా అనిపించుకోదు.

లెక్కించే పద్ధతులు పలు విధాలు. అడవిని చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ఎంచుకున్న భాగాల్లో ఒకే రోజున సిబ్బంది కలిసి నడుస్తూ కంటపడిన ఏనుగులను రాసుకోవడం మొదటిది. నిర్ణీత దారుల వెంట కనిపించిన లద్దెలను లెక్కించి, వాటి సాంద్రతను లద్దె ఎన్నాళ్లకు కరిగిపోతుంది, ఏనుగు రోజుకు ఎన్నిసార్లు లద్దె వేస్తుంది అనే రెండు సంఖ్యలతో భాగించడం రెండవది. ఏనుగు రోజుకు పదిహేను, పదహారు సార్లు లద్దె వేస్తుందని దక్షిణ భారత పరిశీలనలు సూచిస్తున్నా, అది కరిగే కాలం మాత్రం వానకు ఒకలాగా, ఎండకు ఒకలాగా మారుతుంది కనుక ఈ పద్ధతిలోని దోషమంతా ఆ ఒక్క సంఖ్యలోనే దాగి ఉంటుంది. మూడవది లద్దెలోని డీఎన్‌ఏ ద్వారా ఒక్కొక్క ఏనుగును వేరుగా గుర్తించి, అదే ఏనుగు మరోసారి ఎంత తరచుగా దొరుకుతుందో చూసి మొత్తాన్ని ఊహించడం. ఉదాహరణకు మొదటి విడతలో 30 ఏనుగులు, రెండవ విడతలో 40 ఏనుగులు గుర్తింపుకు వచ్చి, రెండింటిలోనూ 12 ఉమ్మడిగా ఉన్నాయనుకుంటే, 30ని 40తో గుణించి 12తో భాగించగా మొత్తం సమూహం సుమారు 100 అని తేలుతుంది. ఉమ్మడివి ఎంత తక్కువైతే కంటపడకుండా పోయినవి అంత ఎక్కువని ఈ చిన్న గణితం భావం. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ ఈ తరహా పద్ధతితో చేసి 2025 అక్టోబరులో వెల్లడించిన దేశవ్యాప్త అంచనాలో 21,056 లద్దె నమూనాల నుంచి 4,065 ఏనుగులు విడివిడిగా గుర్తింపు పొందాయి. మొత్తం సంఖ్య 22,446 అని, అది 18,255కూ 26,645కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చని ఆ నివేదిక చెప్పింది. పత్రికలు మొదటి సంఖ్యనే పతాక శీర్షికకు ఎక్కించాయి గాని, శాస్త్రం దృష్టిలో ఆ చివరి రెండు సంఖ్యలకే విలువ ఎక్కువ.

ఈ పద్ధతులన్నీ కంటికో చేతికో దొరికే ఆనవాళ్ల మీద ఆధారపడినవి. ఏనుగు నేలలోకి పంపే కంపనను ఆనవాలుగా తీసుకోవచ్చునన్న ఆలోచన మాత్రం జీవశాస్త్రంలో ఎంతో, వంతెనలూ పునాదులూ కట్టే ఇంజినీర్ల కంపనశాస్త్రంలోనూ అంతే వేళ్లూని ఉంది. మూడు టన్నుల ఏనుగు నేల మీద మోపే భారం సుమారు 30,000 న్యూటన్లు. నడకలో ఆ భారం ఒక పాదం నుంచి మరో పాదానికి మారినప్పుడల్లా నేల కొద్దిగా కిందికి కుంగి మళ్లీ పైకి లేస్తుంది, ఆ కదలిక తరంగంగా నలువైపులా సాగిపోతుంది. అంతటా ఒకేలా ఉండే నేల మీద గుండ్రటి పలక ఒకటి నిలువుగా కంపిస్తే దాని శక్తిలో సుమారు 67 శాతం నేల పైపొరను అంటిపెట్టుకుని సాగే తరంగాలకు, 26 శాతం అడ్డంగా కోసే తరంగాలకు, 7 శాతం నొక్కుడు తరంగాలకు పంపిణీ అవుతుందని 1955లో మిల్లర్, పర్సీ అనే శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. యంత్రాల పునాదులు రూపొందించేవారు నేటికీ వాడే లెక్క ఇది. ఏనుగు పాదం గుండ్రటి పలకకు ఎంత దగ్గరగా ఉంటుందో తలచుకుంటే ఆ ఇద్దరూ తెలియకుండానే ఏనుగుల శాస్త్రానికి కూడా పునాది వేశారనిపిస్తుంది.

పైపొరను అంటిపెట్టుకుని సాగే ఆ తరంగాలకు రేలీ తరంగాలని పేరు, 1885లో బ్రిటిష్ భౌతిక శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ వాటి ఉనికిని గణితంతో నిరూపించాడు కాబట్టి. నేల లోతుకు దిగే తరంగం మూడు దిక్కులా విస్తరిస్తూ త్వరగా పలుచబడుతుంది; రేలీ తరంగం పైపొరలోనే విస్తరిస్తుంది కనుక నెమ్మదిగా క్షీణిస్తుంది. దూరం రెట్టింపైతే లోతు తరంగపు శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది, రేలీ తరంగపు శక్తి మాత్రం సగానికే తగ్గుతుంది. అయితే మట్టి స్వయంగా కొంత శక్తిని వేడిగా మింగేస్తుంది, ఎక్కువ పౌనఃపున్యం గల కంపనలను ఇంకా వేగంగా మింగుతుంది. పౌనఃపున్యం అంటే సెకనుకు జరిగే ఊగుల సంఖ్య, దాని ప్రమాణం హెర్ట్జ్. ఏనుగు పాదం అడుగున మెత్తటి కొవ్వు దిండు ఉండటం వల్ల దాని అడుగు గిట్టల పశువు అడుగులా టక్కున తగలదు, మెల్లగా ఒత్తుకుంటుంది. అందుకే దాని కంపనలో తక్కువ పౌనఃపున్యాల పాలు ఎక్కువ, అవే దూరం ప్రయాణించగలిగేవి కూడా. ఇరవై హెర్ట్జ్ కంపన సెకనుకు 250 మీటర్ల వేగంతో వెళుతుందనుకుంటే దాని తరంగదైర్ఘ్యం పన్నెండున్నర మీటర్లు అవుతుంది. అంటే అంత లోతు వరకూ ఉన్న మట్టి, రాయి, నీరు అన్నీ ఆ కంపన మీద తమ ముద్ర వేస్తాయి.

ఏనుగులు కంపనలను వినడానికి కూడా నేలను వాడుకుంటాయన్న సంగతి కొంత ఆలస్యంగా తెలిసింది. మనిషి చెవికి అందని తక్కువ పౌనఃపున్యంలో అవి పరస్పరం పిలుచుకుంటాయని కేటీ పెయిన్, ఆమె సహచరులు 1986లో ప్రకటించగా, ఆ పిలుపులు నేలలోనూ ప్రయాణిస్తాయని నమీబియాలోని ఎటోషా ఉద్యానవనంలో పనిచేసిన కెయిట్లిన్ ఓకానెల్-రాడ్‌వెల్ 2000 నుంచి వరుసగా చూపించింది. 2005లో వెలువడిన ఒక వ్యాసం ప్రకారం జేసన్ వుడ్, ఓకానెల్, వారి సహచరులు ఎటోషాలో ఒక నీటి గుంట దగ్గర నేల కంపనలను పట్టే జియోఫోన్లు అనే పరికరాలు పాతి, ఆ దారిన వచ్చిన పెద్ద జంతువుల అడుగులను నమోదు చేసి, ఏనుగు అడుగును ఇతర జంతువుల అడుగుల నుంచి 82 శాతం సందర్భాల్లో సరిగా వేరుచేయగలిగారు. ఆ వ్యాసం శీర్షికలోనే ఇది జనాభా గణనకు పనికిరావచ్చునన్న ఆశ ఉంది. 2018లో బెత్ మార్టిమర్ బృందం కెన్యాలో ఏనుగుల నడక, పరుగు, పిలుపు వంటి వేర్వేరు ప్రవర్తనలను కంపనల ద్వారానే విడదీయవచ్చునని చూపింది, కాకపోతే పరిసరాల్లోని శబ్దం, నేల స్వభావం కంపనలను గుర్తించగల దూరాన్ని బాగా కుదించివేస్తాయని కూడా హెచ్చరించింది.

జియోఫోన్ నిర్మాణం సరళమైనది. తీగచుట్టలో ఒక అయస్కాంతం, రెండింటిలో ఒకటి స్ప్రింగుకు వేలాడుతూ ఉంటుంది. నేల కదిలినా స్ప్రింగుకు ఉన్న భాగం తన జడత్వం వల్ల నిలిచిపోతుంది, ఆ తేడా వల్ల తీగలో విద్యుత్తు పుడుతుంది. ఎత్తైన భవనం భూకంపానికి ఎలా ఊగుతుందో చెప్పే సమీకరణమూ ఇదే: ద్రవ్యరాశి, బిగువు, అవమందనం అనే మూడు పదాలు, అందులో అవమందనం అంటే ఊగును క్రమంగా చల్లార్చే గుణం.

అసలు చిక్కు సంఖ్య దగ్గర మొదలవుతుంది. కలిసి నడిచేవారి సంఖ్యను బట్టి కంపన ఎలా మారుతుందో ఒక వంతెన ఉదాహరణలో చూడవచ్చు. లండన్‌లో 2000 జూన్‌లో తెరిచిన మిలీనియం పాదచారుల వంతెన జనం కదలికకు పక్కలకు ఊగిపోవడంతో రెండు రోజులకే మూసివేయవలసి వచ్చింది. ఆ తర్వాత పరీక్షల్లో నడిచేవారి సంఖ్యను క్రమంగా పెంచుతూ పోగా సుమారు 166 మంది దగ్గర ఊగు అకస్మాత్తుగా విజృంభించింది. ఆ పరిమితికి లోపల మాత్రం, జనం ఒకరితో ఒకరు అడుగు కలపకుండా నడుస్తున్నంతవరకు, కంపన సంఖ్యతో పాటు నేరుగా పెరగదు. నలుగురి అడుగులు ఒకటి లేచేటప్పుడు మరొకటి దిగుతూ ఉండటం వల్ల కొంతమేరకు పరస్పరం రద్దవుతాయి, నలుగురు కలిస్తే ఊగు రెట్టింపే అవుతుంది. అయితే శక్తి ఊగు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక శక్తి మాత్రం నాలుగు రెట్లే. కాబట్టి ఒక గుంపు దాటిన కాలమంతటిలో జియోఫోన్‌కు చేరిన మొత్తం శక్తిని కూడి, ఒక ఏనుగు ఇచ్చే శక్తితో భాగిస్తే గుంపులోని సంఖ్య రావాలి. ఏనుగులు సైనికుల్లా కవాతు చేయకపోవడం శాస్త్రానికి మేలే చేసింది.

కాని జియోఫోన్‌కు యాభై మీటర్ల దూరంలో ఒక ఏనుగు, వంద మీటర్ల దూరంలో రెండు ఏనుగులు, మట్టి మింగే భాగాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, ఒకే శక్తిని అందిస్తాయి. దూరం తెలియకుండా సంఖ్య తేలదు. దూరం తెలియాలంటే కనీసం మూడు చోట్ల జియోఫోన్లు ఉండి, ఒకే అడుగు వాటికి చేరిన సమయాల తేడాను పోల్చాలి. దూరం పెరిగేకొద్దీ ఏనుగును గుర్తించే అవకాశం ఎంత తగ్గుతుందో చెప్పే వక్రాన్ని గుర్తింపు ప్రమేయం అంటారు. ఇది లద్దెలు లెక్కించేవారికీ చిరపరిచితమే, ఎందుకంటే నడిచే దారికి దూరంగా పొదల్లో పడిన లద్దె కళ్లకు తప్పిపోతుంది. కనిపించిన వాటిని కనిపించే సంభావ్యతతో భాగించడమే రెండు విద్యల్లోనూ ఉన్న ఉమ్మడి సూత్రం.

కంపనలను వినే మరో సాధనం మన రైల్వేలోనే పనిచేస్తోంది. ఈశాన్య సరిహద్దు రైల్వే పట్టాల పక్కన పాతిన ఆప్టికల్ ఫైబర్‌లోకి లేజర్ వెలుగును పంపి, గాజులోని సూక్ష్మ అసమానతల వల్ల వెనక్కి చెదిరి వచ్చే వెలుగులో మార్పులను బట్టి పట్టాల దగ్గరకు ఏనుగు వచ్చిందో లేదో పసిగట్టే 'గజరాజ్' వ్యవస్థను ప్రవేశపెట్టింది. ఆ చెదరడానికి కూడా రేలీ పేరే ఉంది. రైలును నెమ్మది చేయించడమే దాని పని, లెక్కించడం కాదు. అయినా తీగ పొడవునా ప్రతి కొన్ని మీటర్లూ ఒక జియోఫోన్‌లా పనిచేయగలదు కనుక అంచనా వేసే శాస్త్రజ్ఞుడికి అది ఊరించే వస్తువే.

చిత్తూరు జిల్లాలో ఇది ఎంతవరకు నడుస్తుందన్న ప్రశ్నకు నేల జవాబు చెప్పాలి. పాకాల, పూతలపట్టు, చిత్తూరు మీదుగా కాట్పాడికి వెళ్లే రైలు మార్గం, రహదారుల మీది లారీలు, గ్రానైట్ క్వారీల్లో పేలుళ్లు, పొలాల్లో బోరు మోటార్లు అన్నీ అదే తక్కువ పౌనఃపున్యంలో నేలను కుదుపుతాయి. మోటారు ఒకే పౌనఃపున్యంలో ఎడతెగకుండా మోగుతుంది, దాన్ని గణితంతో తీసివేయడం తేలిక; లారీ కంపన అలా కుదురుగా ఉండదు. పలుచటి ఎర్రమట్టి కింద కొద్ది అడుగుల్లోనే గ్రానైట్ తగిలే చోట్ల తరంగ వేగం పౌనఃపున్యాన్ని బట్టి మారిపోతుంది, ఎటోషాలోని నేల నుంచి వచ్చిన సంఖ్యలు ఇక్కడ అలాగే వర్తించవు. ఏనుగుకు నేల ద్వారా అన్నీ ముందే తెలుస్తాయన్న నమ్మకాన్నీ కొంత తగ్గించుకోవాలి. 2004 సునామీ సమయంలో శ్రీలంకలోని యాలలో కాలర్లు తగిలించి ఉన్న ఏనుగులు ముందుగా పారిపోయిన దాఖలా కనిపించలేదని 2006లో వచ్చిన పరిశోధన తేల్చింది.

స్థానికంగా ముందు కావలసింది ప్రమాణీకరణ, అంటే తెలిసిన బరువుతో తెలిసిన దూరంలో ఎంత కంపన వస్తుందో కొలిచి పట్టిక తయారుచేయడం. దానికి అడవి ఏనుగు పనికిరాదు, మావటి మాట వినేది కావాలి. 2025 మే నెలలో కర్ణాటక నాలుగు కుంకీ (శిక్షణ పొందిన) ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది, పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఉంది. వాటిని ఒక్కొక్కటిగా, జంటగా, నాలుగింటినీ కలిపి జియోఫోన్ల వరుస ముందు నుంచి ఇరవై, యాభై, వంద మీటర్ల దూరాల్లో నడిపించి, అదే పరీక్షను ఎండాకాలంలో ఒకసారి, నేల తడిసిన ఈశాన్య రుతుపవనాల కాలంలో మరోసారి చేస్తే, వాగు దాటే చోట్ల పాతిన జియోఫోన్లు చెప్పే సంఖ్య ఎటువైపు ఎంత తప్పగలదో తెలుస్తుంది. ఆ సంఖ్యను లద్దెల డీఎన్‌ఏ లెక్కతో పక్కపక్కన పెట్టి చూడటం ఆ తర్వాతే వీలవుతుంది.