మీకు తెలుసా? కాపాడేవాళ్ళకి కనిపించని గండాలు

గోదావరికి వరదొస్తే యానాంలోని మా అడవిపొలం చెవులన్నీ ధవళేశ్వరం వైపే ఉంటాయి. బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. 2022 జూలైలో ప్రవాహం 25 లక్షలు దాటి యానాంలో కాలనీలు మునిగాయి. అలాంటప్పుడు నడుంలోతు నీళ్ళలో దిగి జనాన్ని పడవెక్కించేవాళ్ళకి ఉరవడే పెద్ద గండం అనుకుంటాం. ఉరవడి కంటికి కనిపిస్తుంది గనక దానికి తాడుంది, లైఫ్ జాకెట్ ఉంది. కనిపించనిది ఆ నీళ్ళలో కలిసిన ఎలుకల మూత్రం. గంటల తరబడి నానిన కాళ్ళకి పగిలిన మడమో, రేకు గీసుకున్న గాయమో ఉంటే ఆ మూత్రంలోని లెప్టోస్పైరా బాక్టీరియా లోపలికి పోవడానికి అంతే చాలు. జ్వరం వచ్చేది సాధారణంగా వారం పది రోజులకి. అప్పటికి వరద తగ్గిపోయి ఉంటుంది, దీనికీ దానికీ ఎవరూ ముడిపెట్టరు. పిక్కలు పట్టేసే నొప్పి, ఎర్రబారిన కళ్ళు ఉంటే ‘వరద నీళ్ళలో దిగాను’ అని డాక్టర్‌కి మనమే చెప్పాలి. 2018 వరదల్లో కేరళ ప్రభుత్వం సహాయ సిబ్బందికీ వాలంటీర్లకీ వారానికోసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ వేసుకోమంది. గర్భిణులకీ చిన్నపిల్లలకీ ఇది పడదు కాబట్టి డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి. మాత్ర ఖరీదు చూస్తే, పడవలో లైఫ్ జాకెట్ల పక్కన దీనికి చోటు లేకపోవడం నాకైతే అర్థం కాదు.

సెప్టిక్ ట్యాంకులో ఒకరు, తీయడానికి దిగి మరో ఇద్దరు... ఈ వార్త ఏటా ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉంటాం. ఇలాంటి ఇరుకు చోట్ల పోయినవాళ్ళలో 60 శాతానికి పైగా కాపాడటానికి దిగినవాళ్ళేనని అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ 1986లోనే హెచ్చరించింది. హైడ్రోజన్ సల్ఫైడ్‌కి కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఉంటుంది, కానీ 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది. ‘వాసన పోయింది, ఇక దిగొచ్చు’ అనుకున్న క్షణమే అన్నిటికన్నా ప్రమాదం. నూతిలోకి దీపం దించి చూడటం మన పాత అలవాటు. దీపం ఆరితే లోపల చాలినంత ప్రాణవాయువు లేదని అర్థమే. వెలుగుతూ ఉంటే మాత్రం విషవాయువు లేదని కాదు. మీథేన్ ఉంటే ఆ దీపమే పేలుడుకి నిప్పవుతుంది. ముఖానికి గాలి అందించే సిలిండర్ సెట్, నడుముకి తాడు, ఆ తాడు పట్టుకుని పైన ఒక మనిషి లేకుండా శిక్షణ పొందిన సిబ్బంది కూడా దిగకూడదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు జనాన్ని బయటికి తెచ్చిన పోలీసుల్లోనూ కొందరు అస్వస్థులయ్యారు. అవి కోవిడ్ రోజులు, ముఖానికి మాస్కు మామూలే. అయితే ఆ మాస్కు తుంపరనీ ధూళినీ ఆపుతుంది గానీ ఆవిరిని కాదు. ఆవిరికి బొగ్గు ఫిల్టర్ ఉన్న డబ్బా మాస్కు కావాలి.

1995 జనవరి 8న మా కోనసీమలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలు దాటి మండింది. ఇలాంటి బావుల దగ్గరికి వెళ్ళేవాళ్ళు నూలు బట్టలే వేసుకుంటారు. నైలాన్ అయితే ఆ వేడికి కరిగి ఒంటికి అతుక్కుంటుంది. వెనక నుంచి వాళ్ళ మీద ఆగకుండా నీళ్ళు చిమ్ముతూ ఉంటారు.

ఫైర్‌మన్ ఉద్యోగం క్యాన్సర్ కారకమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. పొగాకునీ ఆస్బెస్టాస్‌నీ పెట్టిన మొదటి వర్గంలోనే దీన్నీ పెట్టింది. న్యూయార్క్‌లో 2001 సెప్టెంబర్ 11న జంట భవనాలు కూలిన రోజు 343 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ శిథిలాల దుమ్ము పీల్చి తర్వాత జబ్బులతో పోయిన అగ్నిమాపక సిబ్బంది లెక్క 2023 సెప్టెంబర్‌కి అదే 343కి చేరింది. ఇప్పుడు దాటేసింది కూడా. మసిపట్టిన కోటు ఒకప్పుడు ధైర్యానికి గుర్తు. ఇప్పుడు స్వీడన్ లాంటి చోట్ల మంట ఆరగానే దాన్ని అక్కడికక్కడే విప్పి, సంచిలో వేసి మూతికట్టి, బండి క్యాబిన్‌లోకి రానివ్వకుండా విడిగా తీసుకెళ్తున్నారు. మెడ, చేతులు అక్కడే తుడుచుకుంటారు. మసిలోని విషాలు చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతాయి మరి.

కనిపించని గండాన్ని కాపాడేవాళ్ళకి మనం ముందే చెప్పే దారీ ఒకటుంది. యానాం మీదుగా పోయే 216 జాతీయ రహదారిలో ట్యాంకర్ వెనక పలకమీద నాలుగంకెల సంఖ్య ఎప్పుడైనా చూశారా? 1075 అంటే వంటగ్యాస్, 1203 అంటే పెట్రోలు. ఆ పలకమీదే పైనున్న కోడ్ చివర ఇంగ్లిష్ ‘E’ అక్షరం ఉంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయాలని అర్థం. ట్యాంకర్ బోల్తాపడితే దగ్గరికి పోకుండా, దూరం నుంచి కనిపించినంతలో ఆ నాలుగంకెలు చదివి 101కి చెప్పండి. బయల్దేరే ఫైరింజన్‌లో నీళ్ళు సరిపోతాయా, నురగ కావాలా అన్నది వాళ్ళు స్టేషన్లోనే తేల్చుకుంటారు.