గొంగళి పురుగు పేగులో బస్టాండు

‘పురుగు తినేది ఆకే కదా, దాని కడుపులో బ్యాక్టీరియా కూడా ఆకుదే’ అంటారు. ఇది సగం నిజం. మనిషి పేగుల్లోలాగే పురుగు పేగులోనూ మేలుచేసే సూక్ష్మజీవులు స్థిరంగా కాపురముంటాయన్నది మరో నమ్మకం. చాలా గొంగళి పురుగుల విషయంలో ఇది తప్పే.

ఆ పేగు ఇల్లు కాదు, బస్టాండు. ఆకు ముక్కతోపాటు వచ్చిన బ్యాక్టీరియా కొద్ది గంటల్లో అవతలి గేటు దాటేస్తుంది. మలుపులు, అరలు లేని సూటి గొట్టమది. పడుకోవడానికి బెంచీ లేదు సరికదా, నేలంతా సున్నపు నీళ్లు చల్లినట్టుంటుంది: చాలా జాతుల్లో నడిమి పేగు పీహెచ్ 10కి అటూ ఇటూ! పరిశోధకుడు టోబిన్ హామర్ బృందం ప్రకృతిలో పెరిగే 124 జాతుల పురుగులను పరిశీలించి 2017లో ఇదే తేల్చింది. కనిపించిన కొద్దిపాటి బ్యాక్టీరియా చాలావరకు తిన్న ఆకుదే. పొగాకు హార్న్‌వార్మ్‌కు యాంటీబయాటిక్ పెట్టి ఆ కొద్దిపాటినీ తగ్గించినా ఎదుగుదల ఆగలేదు. మినహాయింపులు లేకపోలేదు. ఈజిప్టు పత్తి ఆకు పురుగులో ఎంటెరోకాకస్ ముండ్టీ అనే బ్యాక్టీరియా పాతుకుపోతుంది.

పురుగుల్ని చంపే మన బీటీ మందు పనిచేసేది పేగులోని ఈ క్షారం చలవే. 1901లో జపాన్‌లో పట్టుపురుగుల తెగులుకు కారణం వెతుకుతూ శాస్త్రవేత్త ఇషివాతా పట్టుకున్న బ్యాక్టీరియా అది. దాని ప్రోటీన్ స్ఫటికం క్షారంలో కరిగి పేగు గోడకు చిల్లు పెడుతుంది. ప్రయాణికుడి వేషంలో దిగి బస్టాండునే కూల్చే రకమన్నమాట.

మరి కడుపులో బ్యాక్టీరియా ఆకుదేనన్న మొదటి మాటలో సగం అబద్ధం ఎక్కడుంది? నెదర్లాండ్స్ పరిశోధకులు క్యాబేజీ మాత్ పురుగులను డాండెలియన్ మొక్కల మీద పెంచారు. తెంపిన ఆకులు తిన్నవాటి కడుపులో ఆకు బ్యాక్టీరియాయే, అదీ కొద్ది రకాలే. కుండీలో మట్టితో సహా ఉన్న మొక్క మీద వదిలినవాటిలో మాత్రం రకరకాల మట్టి జీవులు! 2019లో ఫలితాలు వచ్చాయి. ఆ మట్టిలో అంతకుముందు ఏ మొక్కలు పెరిగాయన్న ఆనవాలు కూడా పురుగులో దొరికింది. మొక్క మారితే దాని వేళ్ల చుట్టూ ఉండే సూక్ష్మజీవులు మారతాయి, ఆ మార్పు పురుగు దాకా పాకుతుంది. డాండెలియన్ ఆకులు నేలకు ఆనుకునే ఉంటాయి కాబట్టి మట్టి తగలడానికి పెద్ద దారేమీ అక్కర్లేదు.

కాబట్టి డబ్బాలో తెంపిన ఆకులు వేసి పెంచిన పురుగును పరీక్షించి, చేలో పురుగు కడుపూ ఇంతేననడం చెల్లదు.