పసుపు సంచి ఎక్కడికి వెళుతుంది?



మన వార్డులలో పసుపు, ఎరుపు, తెలుపు, నీలం గుర్తులున్న డబ్బాలు మీరు చూసే ఉంటారు. "చెత్తకు ఇన్ని రంగులెందుకు సిస్టరమ్మా? అంతా కలిపి తగులబెడితే పోదా?" అని పేషెంట్ల బంధువులు తరచు అడుగుతుంటారు.

నేను నర్సింగ్ నేర్చుకునే రోజులలో ఒక ఆసుపత్రిలో అదే చేసేవారు. కట్లు, సూదులు, సెలైన్ సీసాలు అన్నీ వెనుక గోతిలో వేసి కిరసనాయిలు పోసి కాల్చేవారు. ఒకనాడు ఆ చెత్త ఎత్తుతున్న ఆయా అరచేతిలో సూది దిగింది. అది ఎవరికి వాడిన సూదో ఎవరికీ తెలియదు. రక్తపరీక్షలన్నీ అయ్యేవరకు నెలల తరబడి ఆమెకు నిద్ర లేదు. చివరకు ఏ జబ్బూ అంటలేదు. కానీ ఆ ముఖం నేను మరచిపోలేదు.

ఆసుపత్రి చెత్తపై మన దేశంలో 1998లో నియమాలు వచ్చాయి. 2016లో కొత్త నియమాలు వాటి స్థానంలోకి వచ్చాయి.

మామూలు మంట ఎందుకు చాలదు?

తక్కువ వేడిలో క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి. అవి గడ్డి మీద పడి, గేదె పాలలోకి చేరి, మన ఒంటి కొవ్వులో ఏళ్ల తరబడి నిలిచిపోతాయి. క్యాన్సర్‌కు కారణం కాగలవు.

అందుకే ఇన్సినరేటర్‌కు రెండు గదులు ఉంటాయి. మొదటి గదిలో కనీసం 800 డిగ్రీల వేడిలో చెత్త కాలుతుంది. ఆ పొగ రెండవ గదిలో సుమారు 1050 డిగ్రీల వేడిలో కనీసం 2 సెకన్లు ఉండాలి. తరువాత పొగను త్వరగా చల్లార్చి, కడిగి, 30 మీటర్ల పొగగొట్టం ద్వారా వదలాలి. నెమ్మదిగా చల్లారితే డయాక్సిన్లు మళ్లీ తయారవుతాయి.

వచ్చే చెత్తను బట్టి పొయ్యి కట్టాలి. మాయ, రక్తంతో తడిసిన దూది ఎక్కువైతే వేడి పడిపోతుంది, ఇంధనం ఎక్కువ కావాలి. ప్లాస్టిక్ ఎక్కువైతే మంట అదుపు తప్పుతుంది. కావున మనం ఇక్కడ సరిగా వేరు చేయకపోతే అక్కడ ఎంత మంచి యంత్రమైనా సరిగా పనిచేయదు.

ఇటువంటిది ప్రతి ఆసుపత్రీ కట్టుకోలేదు. 75 కిలోమీటర్ల లోపు ఉమ్మడి కేంద్రం సేవ దొరికితే ఆసుపత్రి సొంతంగా పెట్టుకోరాదు కూడా. చెత్తను 48 గంటలకు మించి నిల్వ ఉంచకుండా బార్‌కోడ్ వేసిన సంచులలో బండికి అప్పగించాలి.

ఏది ఎందులో?

- పసుపు: రక్తం అంటిన దూది, కట్లు, మాయ. ఇవి కాల్చడానికి.
- ఎరుపు: సెలైన్ గొట్టాలు, ప్లాస్టిక్ సీసాలు, గ్లవ్స్. ఇవి కాల్చరు; ఆవిరితో శుద్ధిచేసి, ముక్కలు చేసి తిరిగి వాడకానికి పంపుతారు.
- తెలుపు: సూదులు, బ్లేడ్లు.
- నీలం: మందుల గాజు సీసాలు.

అన్నం, పండ్ల తొక్కలు వీటిలో వేయకండి. వాటికి వేరే డబ్బా ఉంది.

ఇంటి దగ్గర

షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారు వాడిన సూదులను మూత గట్టిగా ఉన్న మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేయండి. నిండాక చెత్తబండిలో పడేయకుండా, ఆసుపత్రికి వచ్చినపుడు సిస్టర్‌ను అడిగి అప్పగించండి. పగిలిన పాదరసం థర్మామీటరును ఎన్నడూ మంటలో వేయకండి. దొడ్లో ప్లాస్టిక్ తగులబెట్టకండి.

మీరు సరైన డబ్బాలో వేసిన ఒక్క సూది ఒక ఆయమ్మకు కొన్ని నెలల నిద్ర.

– నర్సింగ్ సూపరింటెండెంట్