కదిలే కడలి, కదలని గోడ

ఢిల్లీకి సముద్రం లేదు. అయినా కడలికి ఎంత దూరంలో కట్టడాలు ఆగాలో చెప్పే గీతను గీసేది ఇక్కడి కేంద్ర ప్రభుత్వమే. నాలుగు దశాబ్దాలుగా ఆ గీత సముద్రం వైపు జరుగుతున్నది. పలుచోట్ల సముద్రం ఊళ్ల వైపు జరుగుతున్నది. ఈ రెంటి నడుమ నలుగుతున్నది సామాన్యుని ఇసుక తీరమని నా అభిప్రాయం.

1981 నవంబరులో ప్రధాని ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాస్తూ, పోటు రేఖ నుంచి 500 మీటర్ల మేర కట్టడాలు రాకుండా చూడమన్నారు. 1991 ఫిబ్రవరిలో వెలువడిన తీరప్రాంత నియంత్రణ నిబంధనలు గ్రామీణ తీరంలో 200 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలను నిషేధించాయి. తీరాన రెండు హోటళ్ల నడుమ ప్రజలకు కనీసం 20 మీటర్ల దారి వదలాలన్నాయి. 2019లో, జనసాంద్రత అధికంగా గల గ్రామాల్లో ఆ 200 మీటర్లు 50కి కుదించుకుపోయాయి.

దారి కాగితం మీద ఉంటే చాలదని గోవా అనుభవం చెబుతున్నది. పణజి చేరువలోని వైంగినిం తీరానికి ప్రజలు నడిచే దారికి ఒక హోటలు కట్టడం అడ్డువచ్చింది. సహజ వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనంటూ, అడ్డు తొలగించాలన్న హైకోర్టు తీర్పును 2009 జనవరిలో సుప్రీంకోర్టు ఖాయపరచింది. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం భూసేకరణ చట్టాన్నే సవరించి కట్టడాన్ని కాపాడింది. ఆ సవరణ చెల్లుతుందని 2016లో సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది.

ఇక కోత సంగతి. 1990 నుంచి 2018 వరకు జరిపిన జాతీయ పరిశీలనలో ప్రధాన భూభాగపు తీరంలో మూడోవంతు, ఆంధ్ర తీరంలో నాలుగోవంతుకు పైగా కోతకు గురవుతున్నట్లు తేలింది. ఉప్పాడ మత్స్యకారులకు ఈ అంకెలతో పనిలేదు. వారి ఇళ్లే కడలిపాలయ్యాయి. ఇసుక తీరానికి వెనక్కి జరిగే చోటుంటే అది బతుకుతుంది. వెనుక గోడ ఉన్నప్పుడు అలలు ఇసుకను లాక్కుపోతాయి. పడవ నిలిపే చోటు, వల ఆరబెట్టే చోటు పోయి, గోడ మాత్రం మిగులుతుంది. అప్పుడు 20 మీటర్ల దారి నేరుగా నీళ్లలోకే తీసుకుపోతుంది.

ముంపును, కోతను లెక్కగట్టి సర్వే ఆఫ్ ఇండియా ఒక ప్రమాద రేఖను గీసింది. 2019 నోటిఫికేషన్ దానిని విపత్తు నివారణ ప్రణాళికలకు పరిమితం చేసి, కట్టడాల నిషేధంతో ముడిపెట్టకుండా వదిలింది. ఈ మార్పులేవీ పార్లమెంటులో బిల్లులుగా రాలేదు. ప్రమాద రేఖకు లోపల కొత్త గోడలకు అనుమతి ఎందుకని తీరప్రాంత ఎంపీలైనా సభలో నిలదీయాలి. ముందుగా మన ఎంపీలను ఆ ప్రశ్న అడగవలసినవారు మనమే.