కాపరి లేని ఏడేళ్లు

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌కు పడమరగా, మేలరెన్ సరస్సులో బ్యోర్కో అనే దీవి ఉంది. 8వ శతాబ్దంలో అక్కడ బిర్కా అనే వర్తక పట్టణం వెలిసింది. బొచ్చుతోళ్లు, వెండి చేతులు మారే సంత అది. విగ్రహారాధన సాగే ఆ ఊరికి 829లో సువార్త బయలుదేరింది.

దాన్ని మోసుకెళ్లినవాడు అన్స్‌గర్ అనే యువ సన్యాసి. దారిలో సముద్రపు దొంగలు ఓడను దోచుకున్నారు. దాదాపు 40 పుస్తకాలు పోయాయి. అయినా ఆయన వెనుదిరగలేదు. ఆయన బోధ విని పట్టణాధికారి హెర్గేర్ బాప్తిస్మం పొందాడు. తన సొంత స్థలంలో చర్చి కట్టించాడు.

అయితే 845 ప్రాంతంలో అల్లరిమూక లేచి, అక్కడి బిషప్ గౌత్బర్ట్‌ను తరిమేసింది. ఆయనతో ఉన్న నితార్డ్‌ను చంపింది. ఆ తరువాత సుమారు ఏడేళ్లు బిర్కాలో బోధకుడే లేడు. మరి సంఘం ఆరిపోయిందా?

అన్స్‌గర్ శిష్యుడు రింబర్ట్ తన గురువు చరిత్రలో ఫ్రీదెబర్గ్ అనే విధవరాలి సంగతి రాశాడు. కష్టమొచ్చినప్పుడు విగ్రహాలకు బలులివ్వమని చుట్టుపక్కలవారు ఎంత ఒత్తిడి చేసినా ఆమె లొంగలేదు. ప్రభువు బల్ల ఇచ్చే సేవకుడు లేడు కనుక, కాస్త ద్రాక్షారసం కొని దాచుకుంది. తన చివరి ఘడియలో దాన్ని నోటిలో పోయమని కూతురు కాట్లాకు చెప్పింది. తన ఆస్తిని అమ్మి పేదలకు పంచమని, బిర్కాలో పేదలు తక్కువ కనుక దూరాన ఉన్న డోరెస్టాడ్‌కు వెళ్లి ఇవ్వమని కూడా కోరింది.

దేవుడు ఆమె ఆశను మరచిపోలేదు. అన్స్‌గర్ పంపిన ఆర్ద్‌గర్ అనే సేవకుడు వచ్చాడు. ఆమె ఆయన చేతిమీదుగా సంస్కారం అందుకుని ప్రభువునందు నిద్రించింది. 852 ప్రాంతంలో అన్స్‌గర్ మళ్లీ వచ్చేసరికి, అక్కడ ఆరని నిప్పు ఉంది.

10వ శతాబ్దం చివరికల్లా బిర్కా ఖాళీ అయింది. తవ్వకాల్లో అక్కడి ఒక స్త్రీ సమాధిలో చిన్న వెండి సిలువ దొరికింది. సంత పోయింది, సాక్ష్యం మిగిలింది.

పాస్టరుగారు ఒక్క ఆదివారం ఊళ్లో లేకపోతేనే మన బల్లలు సగం ఖాళీ అవుతాయి. మన విశ్వాసం పాస్టరుగారి మీద నిలిచిందా, ప్రభువు మీద నిలిచిందా? ఏడేళ్లు బోధకుడు లేకపోయినా నిలిచిన ఆ విధవరాలి ముందు మనల్ని మనం పరీక్షించుకుందాం.