నీళ్లు మోసుకుపోయే ఇల్లు

ఇంటికి తాళం వేసి ఊరు వెళ్లటం మనందరికీ తెలుసు. ఇంటినే వెంటబెట్టుకుని వెళ్లటం ఎప్పుడైనా చూశారా? ఆస్ట్రేలియాలో ఇది చాలా మామూలు సంగతి. కారు వెనుక కొక్కేనికి చక్రాలున్న ఒక గదిని తగిలిస్తారు. దాని పేరు కారవాన్. అందులో పడకలు, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, అడుగున నీళ్ల ట్యాంకు అమర్చి ఉంటాయి. బడి సెలవులు రాగానే ఎన్నో కుటుంబాలు ఇలా బయలుదేరుతాయి. హోటలు గదికి అద్దె లేదు, పూటకూటికి ఖర్చు లేదు. రాత్రి ఎక్కడ ఆగితే అక్కడే ఇల్లు!

ఊరూరా కుళాయి ఉన్నంతవరకు ఇది సరదా ప్రయాణమే. కాని ఆ దేశం నడిబొడ్డున 'అవుట్‌బ్యాక్' అని పిలిచే విశాల ప్రాంతం ఉంది. ఆస్ట్రేలియా వైశాల్యం సుమారు 77 లక్షల చ.కి.మీ.; మన దేశానికి రెండింతల పైమాటే. జనం మాత్రం 3 కోట్లు కూడా లేరు. వారిలో ఎక్కువమంది సముద్రతీరపు నగరాలలో ఉంటారు. లోపలికి పోయేకొద్దీ ఎర్రమట్టి, రాళ్లు, ఉప్పుసరస్సులు. అక్కడికి తక్కువ ఖర్చుతో పోయి రావాలంటే దేన్ని తగ్గించుకోవచ్చు, దేన్ని తగ్గించుకోకూడదు? ఈ ప్రశ్నకు జవాబు డబ్బుసంచిలో కంటే మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఎక్కువగా దొరుకుతుంది.

దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలోని ఒక దారిని తీసుకుందాం. అది మరీ అనే చిన్న ఊరిలో మొదలవుతుంది. (నవ్వకండి, ఊరి పేరే అది!) అక్కడి నుంచి విలియం క్రీక్, ఊడ్నడాటాల మీదుగా మార్లా వరకు సుమారు 620 కి.మీ. తారు లేని దారి. పేరు ఊడ్నడాటా ట్రాక్. ఈ నాలుగు చోట్ల తప్ప పెట్రోలు దొరకదు. ఒకచోటికీ మరొకచోటికీ మధ్య దూరం ఇంచుమించు 200 కి.మీ. విలియం క్రీక్‌లో కాపురముండేది పట్టుమని పదిమంది. దాని చుట్టూ ఉన్న ఆనా క్రీక్ అనే పశువుల క్షేత్రం ప్రపంచంలోకెల్లా పెద్దది. 15 వేల చ.కి.మీ. పైచిలుకు. మన ఉమ్మడి ఖమ్మం జిల్లా దాదాపు అంత ఉంటుంది. అదంతా ఒకే పొలం!

అమ్మ, నాన్న, మీరు, మీ చెల్లెలు ఈ దారిన పోతున్నారనుకోండి. నెల జులై. భూమధ్యరేఖకు దిగువన ఉన్న దేశం కనుక అక్కడ అది చలికాలం. పగలు హాయిగా ఉంటుంది, మబ్బులేని రాత్రి నేలలోని వేడి ఆకాశంలోకి పోయి గజగజ వణికిస్తుంది. జనవరిలో ఎందుకు పోకూడదంటారా? 1960 జనవరి 2న ఊడ్నడాటాలో 50.7 డిగ్రీల సెంటీగ్రేడు వేడి నమోదయింది. ఆస్ట్రేలియాలో దానిని మించిన రికార్డు నేటికీ లేదు. 2022లో పశ్చిమతీరాన ఒక ఊరు దానితో సమానమయింది, అంతే.

ఇప్పుడు నీళ్ల లెక్క. తాగటానికి, వంటకు, ముఖం కాళ్లూ చేతులూ కడుక్కోవటానికి తలకు రోజుకు 10 లీటర్లు పెట్టుకుందాం. నలుగురికి 40 లీటర్లు. ప్రయాణం నాలుగు రోజులు. దారిలో చిక్కుకుపోతే అని మరో మూడు రోజులు కలపాలి. మొత్తం ఏడు రోజులకు 280 లీటర్లు. లీటరు నీరు ఒక కిలోగ్రాము కదా! అంటే 280 కిలోలు.

మన కారవాన్ ఖాళీ బరువు 2,000 కిలోలనీ, అన్నీ సర్దాక 2,400 కిలోలు దాటకూడదనీ అనుకోండి. మోయగలిగింది 400 కిలోలు. అందులో 280 నీళ్లకే పోతే బట్టలు, దుప్పట్లు, గ్యాస్ సిలిండరు, బియ్యం, పప్పు, పనిముట్లు అన్నీ కలిపి 120 కిలోలలో సర్దాలి. ఇక్కడే పొదుపు మొదలవుతుంది. మడత కుర్చీలు నాలుగు కావాలా, రెండు చాలా? మీ చెల్లెలి సైకిలు రావాలా? బరువు పెరిగితే పెట్రోలు ఖర్చు కూడా పెరుగుతుంది. అందుకని కొందరికి నీళ్లు తగ్గిద్దామని బుద్ధి పుడుతుంది. సైకిలు ఆపవచ్చు గాని నీళ్లు ఆపకూడదు.

ఎండబెట్టిన ఆహారం తేలిక కదా, అది తీసుకుపోతే బరువు తగ్గదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే! కాని కిలో పప్పును ఉడికించాలంటే దానికి మూడు నాలుగు రెట్ల నీళ్లు పోయాలి. ఆ నీళ్లు ట్యాంకులోంచే రావాలి. డబ్బాలో మూతవేసిన కూర బరువుగా ఉన్నా తన నీటిని తానే తెచ్చుకుంటుంది. తూకంలో తేలికగా కనిపించేవన్నీ నిజంగా తేలిక కావు. అంట్లు తోమటంలోనూ తెలివి ఉంది. ముందు కాగితంతో తుడిచి, తరువాత పిచికారీతో కడుగుతారు. స్నానానికి తడిగుడ్డ. బకెట్టూ చెంబూ పెట్టుకుని స్నానం చేసే మన పద్ధతి వాళ్ల షవరు కంటే ఎంతో పొదుపు. అక్కడ అదీ విలాసమే!

నీళ్లను ఎక్కడ పెట్టాలన్నది మరో పాఠం. కావడి మోసేవాణ్ణి చూశారా? రెండు బిందెలూ సమంగా ఉంటేనే నడక సాగుతుంది. కారవాన్‌కు ఇరుసే కావడిబద్ద కింది భుజం. అయితే ఇక్కడ బరువు సరిసమానంగా ఉంటే చాలదు, కొంచెం ముందుకు మొగ్గాలి. మొత్తం బరువులో సుమారు పదోవంతు కారు కొక్కెం మీద పడాలని అనుభవజ్ఞుల లెక్క. వెనుక బరువు ఎక్కువయితే వేగం పెరిగినప్పుడు కారవాన్ పాము తోకలా అటూ ఇటూ ఊగి కారును కూడా బోల్తా కొట్టించగలదు. అందుకే ట్యాంకులు ఇరుసు దగ్గర, అడుగున ఉంటాయి. నిండు కుండ తొణకదన్నది తెలిసిందే. సగం ఖాళీ అయిన ట్యాంకులో నీరు మలుపు మలుపుకూ ఒక పక్కకు విసురుగా పోతుంది. ఆ విసురు తగ్గించటానికి లోపల అడ్డుగోడలు పెడతారు. అడుగున ఉండటంలో ఒక చిక్కు లేకపోలేదు. చక్రం ఎగరగొట్టిన రాయి ట్యాంకును చిల్లి పొడవవచ్చు. కనుక నీళ్లన్నీ ఒకేచోట పెట్టరు. కొన్ని ట్యాంకులలో, కొన్ని డబ్బాలలో, మరికొన్ని కారులో ఉంచుతారు.

మరీ దాటగానే మీ పళ్లు టకటకలాడటం మొదలుపెడతాయి. దారంతా బట్టలు ఉతికే గరుకు పలకలా గట్లు గట్లుగా ఉంటుంది. ఏ ఇంజనీరూ ఆ గట్లు కట్టలేదు. చక్రం ఒక చిన్న మిట్ట మీద ఎగిరి, దిగినచోట మట్టిని నొక్కి ముందుకు తోస్తుంది. అక్కడ మరో మిట్ట తయారవుతుంది. తరువాతి బండి అక్కడే ఎగురుతుంది. ఇలా వందల బండ్లు కలిసి గట్లను పేర్చుకుంటూ పోతాయి. దీనికి మందు టైర్లలో కొంత గాలి తీసివేయటం. మెత్తబడిన టైరు నేలను ఎక్కువ మేర తాకుతుంది, పదునైన రాయి వస్తే లొంగుతుంది గాని చిరగదు. అయితే గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ నలిగి వేడెక్కుతుంది కనుక వేగం తగ్గించక తప్పదు. వేగం తగ్గితే పెట్రోలు కలిసివస్తుంది. తారురోడ్డు మీద కూడా అంతే. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 100 కి.మీ. బదులు 80 కి.మీ. పోతే ఆ నిరోధం 100 నుంచి 64కు పడిపోతుంది. పెట్రోలు ఆదా చేయటానికి ఇంతకంటే చవక ఉపాయం నాకు తెలియదు.

ఈ దారి వంకరగా పోవటం పటం చూస్తే కనిపిస్తుంది. అడ్డుగా పెద్ద కొండలు లేవు, తిన్నగా పోవచ్చు. ఎందుకు పోలేదు? ఇక్కడే మన కథలో అసలు పాత్ర ప్రవేశిస్తుంది.

ఆస్ట్రేలియాలో ఐదోవంతుకు పైగా నేల కింద ఒక మహా జలాశయం ఉంది. దాని విస్తీర్ణం సుమారు 17 లక్షల చ.కి.మీ. తూర్పున ఉన్న పర్వతశ్రేణి వాలుల్లో కురిసిన వాన ఇసుకరాతి పొరల్లోకి ఇంకి, పైనా కిందా నీరు చొరని పొరల మధ్య బందీ అయి, ఏడాదికి కొద్ది మీటర్ల చొప్పున పడమటికి పాకుతుంది. ఊళ్లో ఓవర్‌హెడ్ ట్యాంకు ఎత్తున ఉంటే మీ కుళాయిలో నీరు దానంతట అదే ఎగజిమ్ముతుంది కదా! ఇక్కడా అంతే. పై పొర ఎక్కడ పగిలితే అక్కడ నీరు పైకి ఉబుకుతుంది. ఎడారి అంచున పైకి వచ్చే ఆ నీటిలో కొంత పది, ఇరవై లక్షల ఏళ్లనాటి వాన! నీటితోపాటు వచ్చిన ఖనిజాలు, గాలి తెచ్చిన ఇసుక పేరుకుని ఊట చుట్టూ గుట్టలు ఏర్పడ్డాయి. మరీ, విలియం క్రీక్‌ల మధ్య 'బబ్లర్' అనే ఊట ఉంది. గుట్ట మీది గుంటలో ఇసుకను కదిలిస్తూ బుడబుడమంటూ నీరు పైకి వస్తుంటుంది.

ఆ ఊటలు ఎక్కడెక్కడ ఉన్నాయో వేల ఏళ్లుగా తెలిసినవారు అక్కడి ఆదివాసులు. ఆ ప్రాంతం అరబానా జాతివారిది. ఊట నుంచి ఊటకు వారి కాలిబాటలు ఉండేవి. 1861-62లో ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటిన జాన్ మెక్‌డువల్ స్టువర్ట్ ఈ ఊటల వరుసనే పట్టుకున్నాడు. 1872లో పూర్తయిన టెలిగ్రాఫ్ తీగ కూడా ఇంచుమించు అటే నడిచింది. ఒంటెలతో సరుకులు చేరవేసినవారు బలూచిస్తాన్, పంజాబు, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి వెళ్లినవారు. అంటే వారిలో చాలామంది ఆనాటి మన దేశపు మనుషులే. ఆస్ట్రేలియావారు మాత్రం అందరినీ కలిపి ఆఫ్ఘన్లు అన్నారు. ఆ తరువాత రైలు వచ్చింది. 1884లో మరీకి, 1891లో ఊడ్నడాటాకు, 1929లో ఆలిస్ స్ప్రింగ్స్‌కు చేరింది. ఆవిరి ఇంజనుకు దాహం ఎక్కువ. అదీ ఊటలనే వెదుక్కుంది. వరదలు పట్టాలను తరచు కోసివేస్తుంటే 1980లో ఆ లైను మూసి, పడమరగా కొత్తది వేశారు. పాత రైలుకట్ట పక్కనే నేడు మీ కారవాన్ పోతున్నది. మనిషి, ఒంటె, తీగ, రైలు, కారు... దారి గీసింది నీరే.

మరి ఇన్ని ఊటలుండగా 280 కిలోలు మోయటమెందుకు? అన్ని ఊటల నీరూ తాగటానికి పనికిరాదు, చాలావాటిలో లవణాలెక్కువ. పైగా అవి అరబానా వారికి పవిత్ర స్థలాలు. గుట్ట ఎక్కి తొక్కితే చెడిపోతాయి. ఇప్పటికే జరిగిన నష్టం తక్కువేం కాదు. 1878లో తొలి బోరు ఉబికింది మొదలు వేలాది బోర్లు తవ్వి, మూతలు లేకుండా వదిలేశారు. రాత్రింబవళ్లు నీరు కాలువల్లో పారి ఆవిరైపోయింది. భూగర్భంలో ఒత్తిడి తగ్గి ఎన్నో ఊటలు ఎండిపోయాయి. ఇటీవలి దశాబ్దాలలో బోర్లకు మూతలు, గొట్టాలు బిగించాక కొన్నిచోట్ల ఒత్తిడి మళ్లీ పెరుగుతున్నది.

అదనంగా మూడు రోజుల నీళ్లు ఎందుకన్నాను? ఊడ్నడాటాలో ఏడాదికి 200 మి.మీ. వాన కూడా పడదు. మనం కరువు సీమ అనే అనంతపురానికే సగటున 550 మి.మీ. పడుతుంది. కాని పడిన ఆ కాస్త వాన ఒక్క పూటలో పడిందా, ఎర్రమట్టి జిగురుబురదై దారి మూతపడుతుంది. మూసిన దారిలో బండి నడిపితే జరిమానా కూడాను. ఆరేదాకా ఉన్నచోటే ఉండాలి.

బండి చెడిపోతే? ఇక్కడ ఒక విషాదం చెప్పక తప్పదు. మరీ నుంచే బయలుదేరే మరో దారి బర్డ్స్‌విల్ ట్రాక్. 1963 డిసెంబరులో, మండు వేసవిలో, ఆ దారిన కారులో పోయిన ఒక కుటుంబం దారి తప్పింది. పెట్రోలు అయిపోయింది. వారు కారు వదిలి నడిచారు. తల్లి, తండ్రి, ముగ్గురు కొడుకులు, అయిదుగురూ దాహంతో మరణించారు.

నడవకూడదని అక్కడి పోలీసులు ఎందుకు మొత్తుకుంటారో లెక్క కట్టి చూడండి. మండుటెండలో నడిచే మనిషి ఒంట్లోంచి గంటకు లీటరు దాకా చెమట పోతుంది. చెమట ఆవిరి కావటానికి గ్రాముకు సుమారు 580 కేలరీల వేడి పీల్చుకుంటుంది. అందుకే ఒళ్లు చల్లబడుతుంది. చెమటకు నీరు లేకపోతే చల్లబడటమూ లేదు. చేత 10 లీటర్ల డబ్బా పట్టుకుని గంటకు 4 కి.మీ. నడిస్తే నీళ్లు అయిపోయేసరికి 40 కి.మీ. వస్తుంది. తరువాతి ఊరు 100 కి.మీ. దూరాన ఉంది! అదే కారు నీడన కదలకుండా కూర్చుంటే అవే నీళ్లు ఎన్నో రెట్ల సేపు వస్తాయి. పైగా విమానం నుంచి చూసేవారికి ఆ మైదానంలో తెల్లని కారవాన్ కనపడినట్టు ఒంటరి మనిషి కనపడడు. రేడియేటరు నీళ్లు మాత్రం తాగకూడదు. అందులో కలిపే ద్రవం విషం. మొబైల్ ఫోను ఊళ్ల మధ్య చాలా మేర పనిచేయదు. కనుక ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న పరికరం ఒకటి దగ్గర ఉంచుకుంటారు. ఎంత పొదుపు కుటుంబమైనా దాని దగ్గర బేరమాడదు.

నాలుగో రోజు సాయంత్రానికి మార్లాలో తారురోడ్డు తగులుతుంది. టైర్లలో మళ్లీ గాలి కొట్టిస్తారు. ఈలోగా మీకొక లెక్క. మరీలో 280 లీటర్లతో బయలుదేరారు. రెండో రోజు చివర, ఆ రోజు వాడకం అయ్యాక, రాయి తగిలి 90 లీటర్లు కారిపోయాయి. ఆ రాత్రే వాన పడి దారి మూడు రోజులు మూసేశారు. తెరిచాక ఇంకా రెండు రోజుల ప్రయాణం ఉంది. తలకు రోజుకు ఎన్ని లీటర్లు వాడుకుంటే మార్లా చేరతారు?